రోజలిన్ పెట్టిన స్టేటస్

రోజలిన్‌కి కోపమొస్తే అరవదు. అదీ ఆవిడతో వచ్చిన చిక్కు. ఫిషింగ్ హార్బర్‌లో ఆడాళ్ళకి కోపమొస్తే జెట్టీ ఆ చివర దాకా వినపడుతుంది. తిట్టినావిడా, తిట్లు తిన్నావిడా మధ్యాహ్నానికల్లా పక్కపక్కన కూర్చుని చద్దన్నం కూడా తింటారు. రోజలిన్ ఆ రకం కాదు. మూతి బిగించుకుని చేప పొలుసు తీస్తూనే ఉంటుంది. కోపాన్ని మాత్రం ఐసులో పెట్టి దాస్తుంది. ఐసులో పెట్టింది బేగి పాడవదని చేపలమ్మేదానికి వేరే చెప్పాలా!

చీకటుండగానే చేపల వేలం పాట దగ్గరికొచ్చి, నచ్చిన గంప పాడుకుని, ఐసు పెట్టెలో సర్ది, స్కూటీ వెనక తాళ్ళతో బిగించి, గాజువాక మీదుగా ఉక్కునగరం క్వార్టర్లకి పోవడం ఆవిడ పని. మునుపు గడప గడపకీ వెళ్ళి కేకేసేది. చేతికి ఫోనొచ్చాక కేకలు మానేసింది. పొద్దున్నే చేపల ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెడితే కావాల్సిన వాళ్ళే మెసేజ్ పెడతారు. మంచి కోనాం చేప ఒక్కటే దొరికిన రోజున అది అందరికీ చూపిస్తే తగువులని, బాగా అలవాటైన మేడం ఒక్కావిడకే కనపడేటట్టు స్టేటస్ పెట్టేది. తక్కినవాళ్ళ ఫోన్లలో చవక నెత్తళ్ళే కనపడేవి. వ్యాపారమంటే మరి అలాగే ఉంటుంది.

ఫోటో కింద ఒక మాట రాయడం ఎలా మొదలైందో ఆవిడకే గుర్తులేదు. మిషన్ స్కూల్లో టెన్త్ దాకా చదివింది, తెలుగు మేస్టారు మెచ్చుకునేవారు, అంతే. ఒక రోజు సందువా చేప ఫోటో కింద, "ఈ మొహం చూడండి, అద్దె పెంచడానికొచ్చిన ఇంటాయన లాగ లేడూ?" అని పెట్టింది. క్వార్టర్లలో నవ్వులే నవ్వులు. ఆ మర్నాడు, "ఈ కోనాం మొన్నటి దాకా మనకన్నా సుఖంగా బతికింది" అని పెట్టింది. చేపలు కొనని వాళ్ళు కూడా ఆ మాట కోసం పొద్దున్నే ఆవిడ స్టేటస్ తెరిచేవారు. మొగుడు జాక్సన్ అయితే సముద్రంలోంచి సిగ్నల్ అందగానే ముందు అదే చూసేవాడు. "ఒలే రోజా, నీకు పాటలు రాసే ఉద్యోగం ఎవడూ ఇయ్యడేటే?" అనేవాడు.

ఆ జాక్సన్ బోటు డ్రైవరు. శ్రీరామ్మూర్తి గారి బోటు మీద వెళ్ళాడు, తిరిగి రాలేదు. అతనితోపాటు వల లాగడానికి వెళ్ళిన కలాసీలూ రాలేదు. పోయిన వాళ్ళు ఏమీ చెప్పలేరు కదా, ఒడ్డున మిగిలిన ఓనరు చెప్పిందే చరిత్ర అయిపోయింది. ఇంజిన్ శుభ్రంగా ఉందిట, డ్రైవరే తాగేసి పెనుగాలిలోకి తోలుకుపోయాడుట. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచీ జాక్సన్ చుక్క ముట్టలేదని రోజలిన్ ఎంత మొత్తుకున్నా ఎవరికి పట్టింది! "పెళ్ళాం అలాగే సెప్తాది" అన్నారు. కలాసీల్లో సూరన్న అనే కుర్రాడి తల్లి అప్పలమ్మ అయితే రోజలిన్‌కి అత్త వరస, పాట దగ్గర ఎప్పుడూ పక్కనే గంప పెట్టుకునేది. ఆ రోజు నుంచి గంప తీసుకెళ్ళి జెట్టీ అవతల పెట్టుకుంది. "నీ మొగుడు నా కొడుకుని ముంచీసాడు" అని ఒక్కసారే అంది. మళ్ళీ రోజలిన్ మొహం చూడలేదు.

జాక్సన్ పోయి ఏడాది నిండిన రోజున రోజలిన్ చేపల ఫోటో పెట్టలేదు. యారాడ బీచికి వెళ్ళి ఇసుకలో నిలబడి, పాదాల మీదకొచ్చిన కెరటం ఫోటో తీసి, కింద ఇలా రాసింది:

"నువ్వు రాలేదని సముద్రం మీద అలిగాను. రోజూ వచ్చి కాళ్ళు పట్టుకుంటోంది."

మర్నాటికి అది పోయింది. స్టేటస్ అంటే అంతే కదా, ఒక్క రోజే బతుకుతుంది. పోతేనేం, చేరాల్సిన వాడికి చేరిందని ఆవిడ అనుకుంది. సమాధి కూడా లేని మనిషికి ఆవిడ రాసుకున్న సమాధి మాట అది.

కొన్నాళ్ళకి ఆ మాటే ఆవిడ ఫోనుకి తిరిగొచ్చింది. నీలం రంగు మీద తెల్లటి అక్షరాల్లో ఉంది. పైన "కడలి గుండె" అనే పేజీ పేరు, కింద "– సాయిశంకర్" అని సంతకం, పక్కన గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆకాశంలోకి చూస్తున్న ఫోటో. సాయిశంకర్ ఎవరనుకున్నారు? ఓనరు శ్రీరామ్మూర్తి గారి ఒక్కగానొక్క కొడుకు. తండ్రి బోట్ల లెక్కలు చూసే రోజుల్లో రోజలిన్ నంబరు అతని ఫోన్లో చేరింది, అప్పటి నుంచీ ఆవిడ స్టేటస్ రోజూ చూస్తున్నాడు. చూడ్డమే కాదు, ఏరుకుంటున్నాడు. పేజీ కిందకి జరుపుతూ పోతే ఆవిడ మాటలే బోలెడు కనపడ్డాయి. చేపల వాసన కడిగేసి, వెన్నెలా ప్రేయసీ తగిలించాడు. వేలమంది మెచ్చుకుంటున్నారు. సొమ్మొకడిది, సోకొకడిది!

రోజలిన్ అప్పటికీ ఊరుకుంది. ఊరుకోలేని సంగతి తరవాత వచ్చింది. సముద్రంలో పోయిన ఆ బోటు వాళ్ళ పేర్లతో హార్బర్ గేటు దగ్గర ఒక రాయి నిలబెడతానని శ్రీరామ్మూర్తి గారు ప్రకటించారు. దయాగుణం! ఆ నల్లరాయి చెక్కుతున్న ఫోటో సాయిశంకర్ తన పేజీలో పెట్టాడు. జాక్సన్ పేరు, సూరన్న పేరు, తక్కిన వాళ్ళ పేర్లు. వాటి నెత్తిన పెద్ద అక్షరాల్లో, "నువ్వు రాలేదని సముద్రం మీద అలిగాను." దాని కింద, "– సాయిశంకర్".

మొగుడి పేరు మీద తను రాసుకున్న మాట, ఆ మొగుణ్ణి తాగుబోతని చెప్పిన ఇంటి వాడి సంతకంతో! చేప కోస్తూ చూస్తోందేమో, కత్తి వేలికి దిగినా తెలీలేదు.

ఆ సాయంత్రమే ద్వారకా నగర్ వెళ్ళింది. సాయిశంకర్‌కి అక్కడ కోచింగ్ సెంటర్ల మధ్యన ఒక ఏసీ గది ఉంది. దుకాణాలకీ సినిమాలకీ ఫోన్లలో ప్రచారం చేసిపెడతాడు. రోజలిన్‌ని చూసి లేచి కుర్చీ వేశాడు. మర్యాదస్తుడే, దొంగలకి మర్యాద ఉండకూడదని ఎక్కడుంది?

"శంకరబాబూ, ఆ రాయి మీద మాట నాది," అంది రోజలిన్.

"ఏ మాట వదినా?"

"అలిగిన మాట. నా స్టేటస్‌లోది. నీ పేరు తీయించి వొగ్గీ. నా పేరేటీ అక్కర్నేదు. నీది మాత్రం వొద్దు."

అతను నవ్వాడు. తిట్టినా బాగుండేది. "వదినా, అవి రెండు లైన్లు. సముద్రం నీదా? అలగడం నీదా? కాళ్ళు పట్టుకోవడం నువ్వు కనిపెట్టావా? ఒక రోజుండి పోయే స్టేటస్‌కి కాపీరైటేటి వదినా! కథ రాయి, పుస్తకం రాయి, అప్పుడు మాట్లాడుదాం. ఈ చిట్టి పోస్టులు గాలి లాంటివి. ఎవడు పీలిస్తే వాడివి."

"నీ పేజీలోంచి ఇంకోడు తీసుకుంటే ఊరుకుంతావేటి?"

"నా పేజీకి పేరుంది కదా," అన్నాడు. ఆ తరవాత గొంతు తగ్గించి, ఏదో మేలు చేస్తున్నవాడిలాగ, "నాన్నగారు ఆ రాయి మీద జాక్సన్ పేరు వేయించడమే గొప్ప. తాగి బోటు ముంచిన వాడి పేరెందుకని చాలామంది అన్నారు. నువ్విప్పుడు గొడవ చేస్తే బాగోదు," అన్నాడు.

రోజలిన్ లేచింది. మెట్లు దిగి కిందకొచ్చి, బస్ కాంప్లెక్స్ వైపు పోయే జనంలో పడింది. ఏడుపు రాలేదు. వీడి నోటితో వీడే "ఇది నాది కాదు" అనాలి, హార్బరంతా వినాలి అని మాత్రం అనుకుంది. ఇక ఆ మాట ఐసులోకి వెళ్ళిపోయింది.

అనూరాధ గారని ఒక లాయరు రోజలిన్ దగ్గరే చేపలు కొంటారు. మర్నాడు రొయ్యలు ఒలిచిస్తూ రోజలిన్ సంగతంతా చెప్పింది. "ఆడన్నది నిజమేనా అమ్మా? చిన్న మాటకి హక్కుండదా?"

"సగం నిజం," అన్నారు అనూరాధ. "రాసిన మనిషికి రాసిన నిమిషంలోనే హక్కు పుడుతుంది రోజలిన్, ఎక్కడా రిజిస్టర్ చేయించక్కర్లేదు. పొట్టిగా ఉందని హక్కు పోదు. కానీ పొట్టిదయ్యే కొద్దీ, ఇది అందరూ అనే మాటేగా అని అవతలివాడు తప్పించుకోవడం సులువవుతుంది. శుభోదయం అంటే అది ఎవరి సొత్తూ కాదు. ఒక పేరుకో, ఒక నినాదానికో కోర్టులు మామూలుగా రక్షణ ఇవ్వవు. నీ మాట అలాంటిది కాదు, అందులో నీ ఊహ ఉంది. వాదించొచ్చు. తప్పకుండా గెలుస్తావని మాత్రం నేను చెప్పను. అయినా అసలు చిక్కు అది కాదు. అతని కన్నా ముందు నువ్వు రాశావని చూపించాలి. ఆ స్టేటస్ ఫోటో ఏమైనా ఉందా?"

లేదు. చూసిన వాళ్ళున్నారు, అనూరాధ గారే చూశారు. కానీ అదే రోజు, అవే అక్షరాలు అని ప్రమాణం చేసి చెప్పమంటే ఎవరు చెప్పగలరు!

"ఇక మీదటైనా పెట్టిన ప్రతిదీ స్క్రీన్‌షాట్ తీసి దాచు," అన్నారావిడ.

రోజలిన్ చేతిలో రొయ్య ఆగిపోయింది. కోనాం ఒక్క మేడంకే చూపించినట్టు, మాట కూడా ఒక్కడికే చూపించొచ్చు కదా!

ఆ రోజే ఎర వేసింది. సాయిశంకర్ ఒక్కడికే కనపడేటట్టు పెట్టి, చిన్న మాటొకటి రాసింది: "వల చిరిగితే కుట్టుకుంటాం. ఎదురుచూపు చిరిగితే ఏ దారంతో కుట్టాలి?" స్క్రీన్‌షాట్ తీసింది. ఇంకెవరి ఫోన్లోనూ అది లేదు. మర్నాడు పొద్దున్నకి "కడలి గుండె"లో నీలం రంగు మీద మెరిసిపోతోంది. "నా కలం నుంచి" అని కూడా రాసుకున్నాడు. కలం! ఓలమ్మో, వీడు కలం ఎప్పుడు పట్టాడు!

అనూరాధ గారు అది చూసి చాలా సంతోషించారు. "ఇప్పుడు దొరికాడు. నోటీసు పంపిద్దాం."

"పంపుదురు గానీ అమ్మా. రాయి మీద గుడ్డ తీసిందాకా ఆగండి."

"ఎందుకు?"

"నోటీసు కాయితమమ్మా. సదివి మడిసి సొరుగులో పెట్టుకుంతాడు. నాకది సాలదు," అంది రోజలిన్.

రాయి గుడ్డ తీసే పండక్కి హార్బరంతా వస్తుంది. అక్కడ సాయిశంకర్ తన కొత్త కవిత మైకులో చదువుతాడని పేజీలో ముందే వేసుకున్నాడు. మరి ఆ కొత్త కవిత ఎక్కణ్ణించి రావాలి? ఆవిడ దగ్గర నుంచే. అప్పుడు ఏం రాస్తే వీడు అందరి ముందూ బోనులో పడతాడా అని రోజలిన్ చేపలు తూస్తూ ఆలోచించింది, స్కూటీ నడుపుతూ ఆలోచించింది, చర్చిలో పాటలు పాడుతూ కూడా ఆలోచించింది. ప్రభువు క్షమించమన్నాడు, నిజమే. క్షమిద్దాం, ముందు వాడి పని అవ్వనీ.

ఆవిడకి దొరికిన ఉపాయం ఇది. వీడు ఆవిడ మాటల్ని ఆవిడ గొంతులోనే వింటాడు. మొగుణ్ణి పోగొట్టుకున్నదాని ఏడుపుగా చదువుకుని మురిసిపోతాడు. అవే మాటలు తన నోట్లోకి వచ్చాక ఎవరి మాటలైపోతాయో చూసుకోడు. దొంగిలించిన చొక్కా తొడుక్కునే తొందరలో అది ఎవడి యూనిఫామో చూసుకోనట్టు. సరే, ఓనరు కొడుకు నోట్లో పెట్టాల్సిన మాట ఏదీ? బోటు పంపిన వాడి ఒప్పుకోలు! అది చదివితే జనం ముక్కున వేలేసుకుంటారు, వీడు హడిలిపోయి "నాది కాదు బాబోయ్, రోజలిన్‌ది" అంటాడు. అప్పుడు ఆవిడ లేచి, "అవును, నాదే, ఆ రాయి మీదదీ నాదే" అంటుంది. స్క్రీన్‌షాట్లు చూపిస్తుంది.

ఇంజిన్ సంగతి నిజమో అబద్ధమో ఆవిడకి తెలీదు. జాక్సన్ ఎప్పుడూ చెప్పలేదు. వాళ్ళు తన మొగుడి మీద అబద్ధం రాశారు కదా, వాళ్ళ మీద తనూ ఒకటి రాస్తే తప్పేమిటి అనుకుంది, అంతే. గుడ్డ తీసే ముందు రోజు సాయంత్రం, సాయిశంకర్ ఒక్కడికే కనపడేటట్టు పెట్టి ఇలా రాసింది:

"వెళ్ళొద్దని ఇంజిన్ దగ్గింది. నేను విన్నాను. అయినా పంపాను. ఇప్పుడు ఒడ్డున నిలబడితే నాకే దగ్గొస్తోంది."

స్క్రీన్‌షాట్ తీసి, వాడు చూసినట్టు గుర్తు పడేదాకా ఫోను పట్టుకునే కూర్చుంది. పడింది.

మర్నాడు హార్బర్ గేటు దగ్గర షామియానా వేశారు. రాయికి తెల్లగుడ్డ కట్టారు. శ్రీరామ్మూర్తి గారు జరీ కండువాతో ముందు కుర్చీలో కూర్చున్నారు. పోయిన వాళ్ళ ఇంటి ఆడాళ్ళందరికీ ఒక పక్కన బల్లలు వేశారు. అప్పలమ్మ ఆ చివర, రోజలిన్ ఈ చివర. గుడ్డ తీశారు, దండ వేశారు, చప్పట్లు కొట్టారు. రోజలిన్ ఆ రాయి చదవలేదు. రాసిన దానికి చదవడమెందుకు!

సాయిశంకర్ మైకు దగ్గరికొచ్చాడు. తెల్ల లాల్చీ, చేతిలో ఫోను. "నిన్న సాయంత్రం సముద్రపు ఒడ్డున ఒంటరిగా కూర్చున్నప్పుడు నాలోంచి పొంగిన మాటలివి," అన్నాడు. రోజలిన్ బల్ల అంచు పట్టుకుంది. నవ్వాపుకోవడానికి.

"వెళ్ళొద్దని ఇంజిన్ దగ్గింది," అని మెల్లగా చదివాడు. ఆగాడు. "నేను విన్నాను. అయినా పంపాను. ఇప్పుడు ఒడ్డున నిలబడితే నాకే దగ్గొస్తోంది."

చప్పట్ల కోసం కళ్ళు మూసుకున్నాడు. చప్పట్లు రాలేదు. వేరే బోట్ల కలాసీలు కూర్చున్న వైపు నుంచి ఒక మనిషి లేచాడు, ఇంకో మనిషి లేచాడు. "ఏటన్నాడు? ఎవరు పంపారన్నాడు?" అని గుసగుసలు. సాయిశంకర్ కళ్ళు తెరిచేసరికి ఎదురుగా తండ్రి నిలబడి ఉన్నాడు. కండువా జారిపోయింది. మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఒరే ఎదవా!" అన్నారు శ్రీరామ్మూర్తి గారు. మైకు ఇద్దరి మధ్యనే ఉంది, హార్బరంతా వినపడింది. "ఇంట్లో మాట మైకులో సెప్పీస్తావేట్రా! నీకెవడు సెప్పాడ్రా ఇంజిన్ సంగతి? ఆ రమణమూర్తేనా?"

రమణమూర్తి షెడ్డులో మెకానిక్. ఆ బోటు ఇంజిన్లు చూసేది అతనే. జనంలో వెనకగా నిలబడి ఉన్నాడు. అందరి తలలూ అటు తిరిగాయి. అతను నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు.

రోజలిన్ బల్ల అంచు వదిలేసింది. తను ఒట్టి కక్షతో అల్లిన అబద్ధం, అక్షరం అక్షరం నిజం! ఇంజిన్ దగ్గిందన్నమాట. ఈయనకి తెలుసన్నమాట. తెలిసే పంపి, ఆ నెపం జాక్సన్ నెత్తిన వేశాడన్నమాట. ఇన్నాళ్ళూ ఆవిడ మొగుడు తాగుబోతు!

"నాది కాదు నాన్నా!" సాయిశంకర్ కెవ్వుమన్నాడు. "ఒట్టు! అది రోజలిన్ వదినది! స్టేటస్‌లో పెట్టింది, నేను కాపీ కొట్టాను, నాకేం తెలీదు!"

అదిగో, ఆవిడ కోరుకున్న మాట అదే. మైకులో, అందరి ముందూ, వాడి నోటితోనే వచ్చింది. అదేం పాపమో, దాని రుచి ఆవిడకి తెలియనే లేదు. ఎందుకంటే అది వినగానే శ్రీరామ్మూర్తి గారి మొహంలోకి రక్తం తిరిగొచ్చింది.

"అదీ సంగతి!" అన్నారాయన, కండువా సర్దుకుంటూ. "మొగుడు పోయిన బాధలో పిచ్చిది ఏదో రాసుకుంది, మా వెధవ చదివాడు. మా మీద నిందేస్తే నాకు కోపం రాదేటి? అందుకే అరిచాను. కూర్చోండి, కూర్చోండి."

వెనకాల రమణమూర్తి ఒక అడుగు వెనక్కి వేశాడు. లేచిన వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఒక చేపలమ్ముకునేదాని రాత అయితే అది ఏడుపు. ఓనరు కొడుకు మాటైతే సాక్ష్యం. ఆ తేడా జనానికీ తెలుసు, రమణమూర్తికీ తెలుసు. ఇంటి కొడుకే బయటపెట్టాక తనకేం భయమని అతను నోరు తెరవబోయాడు, అది విధవ రాసుకున్న రాతని తెలిశాక నోరు కట్టేసుకున్నాడు.

అప్పలమ్మ లేచి రోజలిన్ దగ్గరికొచ్చింది. ఆ చావులయ్యాక ఆవిడ మొహంలోకి చూడడం అదే మొదలు. "ఒలే రోజా. అది నువ్వు రాసావేటే? నిజం సెప్పు."

రోజలిన్ చేతిలో ఫోనుంది. అందులో సాక్ష్యముంది. ఔనంటే చాలు, ఆ రాయి మీది మాట తనదైపోతుంది. సాయిశంకర్‌కి కూడా అదే తట్టింది. వేదిక దిగి పరిగెత్తుకొచ్చి చేతులు జోడించాడు.

"వదినా, చెప్పు వదినా! నువ్వే రాశానని చెప్పు. రాయి మీదది కూడా నీదే కదా! నువ్వొచ్చి అడిగావు కదా, అప్పుడు తప్పు చేశాను. ఇప్పుడే నా పేరు చెరిపించేస్తాను, నీ పేరు పెద్ద అక్షరాలతో వేయిస్తాను. అందరి ముందూ చెప్తన్నాను, ఆ మాట నీదే!"

రోజలిన్ అప్పుడు రాయి వైపు చూసింది. నువ్వు రాలేదని సముద్రం మీద అలిగాను. యారాడ ఇసుకలో, పాదాలు తడుస్తుంటే, ఒక్క జాక్సన్ కోసమే అనుకున్న మాట. దాని కింద జాక్సన్ పేరు. ఆ పేరు మీద ఇన్నాళ్ళూ పడ్డ ఉమ్ము. కొంగు చాటున ఫోన్లో నిన్నటి స్టేటస్ తీసేసింది.

"నాకేటి తెలుసు బాబూ," అంది రోజలిన్. "సేపలమ్ముకునేదాన్ని. నాకు రాతలెక్కడొత్తాయి?"

"వదినా!"

"నా స్టేటస్‌లో సేపల ఫోటోలే ఉంతాయి. ఈళ్ళందర్నీ అడుగు, నిన్న ఎవరైనా నా ఫోన్లో ఆ ఇంజిన్ మాట సూసారేమో."

ఎవరూ చూడలేదు. ఎలా చూస్తారు! చూసినవాడు ఒక్కడే, వాడు ఆవిడ ఎదుటే నిలబడి ఉన్నాడు. తనకొక్కడికే చూపించిందన్న సంగతి వాడికి అప్పుడు అర్థమైంది. మింగలేడు, కక్కలేడు.

"మరి రాయి మీదది?" అన్నాడు, ఏడుపు గొంతుతో. "అదైనా నీదే కదా?"

ఆవిడ ఇంకోసారి రాయి వైపు చూసింది. "అదీ నీదే," అంది. "నీ పేరే ఉంది కదా. అన్నీ నీవే శంకరబాబూ. నువ్వే రాసావు, నువ్వే సదివావు, మీ నాన్న నిజమని ఒప్పుకున్నాడు."

అబద్ధ సాక్ష్యం పలకకూడదని ఆవిడకి తెలుసు. తెలిసే పలికింది.

అప్పుడు వెనక నుంచి రమణమూర్తి గొంతు వినపడింది. సన్నగా మొదలై పెద్దదైంది. "నాను సెప్పాను ఓనరుగారూ! ఇంజిన్ ఇప్పి బాగుసెయ్యకపోతే మధ్యలో ఆగిపోద్దని మీకు సెప్పాను. జాక్సన్ కూడా ఎల్లనన్నాడు. ఈ ఒక్క ట్రిప్పూ ఎల్లకపోతే ఇంకే బోటూ ఎక్కనియ్యనన్నారు మీరు. నాను ఇన్నాను. ఆడు తాగనేదు. ఆ రోజు ఆడి దగ్గర టీ వాసన తప్ప ఏటీ నేదు."

తరవాత జరిగింది హార్బర్‌లో అందరికీ తెలుసు. జనం కుర్చీలు తన్నేశారు. పోలీసులొచ్చి రమణమూర్తి చెప్పింది రాసుకున్నారు, సాయిశంకర్ చదివిన వీడియో ఎన్నో ఫోన్లలో ఉంది, అదీ తీసుకున్నారు. మూసేసిన కేసు మళ్ళీ తెరిచారు. శ్రీరామ్మూర్తి గారు వాయిదాలకి తిరుగుతున్నారు. కోర్టు ఏం తేలుస్తుందో ఇంకా తెలీదు. "కడలి గుండె" పేజీ కనపడ్డం మానేసింది. అది నాది కాదని సాయిశంకర్ కనపడ్డ వాళ్ళందరికీ చెప్పుకుంటూనే ఉన్నాడు, నమ్మేవాడు ఒక్కడూ లేడు. అది తలుచుకుంటే రోజలిన్‌కి ఇప్పటికీ కడుపు చల్లగా ఉంటుంది. ఎందుకు దాచాలి, ఉంటుంది.

ఆ రోజు ఇంటికెళ్ళే ముందే ఆవిడ స్క్రీన్‌షాట్లు రెండూ తుడిచేసింది. అనూరాధ గారు నోటీసు సంగతి ఎత్తితే, "ఒద్దమ్మా, రొయ్యలు తాజాగున్నాయి, తీసుకోండి," అంది. ఆవిడ లాయరు. అన్నీ అర్థమయ్యాయి, రొయ్యలు తీసుకున్నారు.

మర్నాడు పాట దగ్గర అప్పలమ్మ తన గంప తెచ్చి రోజలిన్ గంప పక్కన దించింది. చేపల మీద ఐసు జల్లుతూ, "నీ మొగుడు నా కొడుకుని ముంచనేదు," అంది. ఇద్దరూ చేపలు సర్దుకుంటూ ఏడ్చారు. పాట పాడేవాడు కాసేపు ఆపాడు.

రాయి అక్కడే ఉంది. దాన్ని పీకేద్దామని కుర్రాళ్ళు గునపాలు తెస్తే రోజలినే వద్దంది, పేర్లున్నాయని. హార్బర్ చూడ్డానికొచ్చిన వాళ్ళు దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. పొద్దున్నే ఆవిడ స్కూటీ అటు నుంచే పోతుంది.

మొన్న ఉక్కునగరంలో కొత్తగా చేపలు కొంటున్న హిమబిందు అనే ఆవిడ ఆ రాయి ఫోటో తీసి రోజలిన్‌కి పంపింది. "చూడు రోజలిన్, ఎంత బాగా రాశాడో! ఎవరో సాయిశంకరట. మనిషి ఎలాంటివాడైనా, ఈ మాట రాసినవాడు ఎవర్నో చాలా ప్రేమించి ఉంటాడు కదా?" అని కింద మెసేజ్ పెట్టింది.

రోజలిన్ స్కూటీ ఆపి, చేతులు చీర కొంగుకి తుడుచుకుని, ఆ మెసేజ్ రెండుసార్లు చదువుకుంది. తరవాత, "అవునమ్మా, ప్రేమించి ఉంటాడు. ఈరోజు నెత్తళ్ళున్నాయి, ఉంచమంటారా?" అని రాసి పంపింది.